కారు పొగగొట్టాలపై 'ఉష్ణనిరోధక' పూతలు: పదార్థ, ప్రయోజన పరిశీలన

వ్యాససంగ్రహం:
కార్ల పొగగొట్టాలకూ వాటి అనుబంధ భాగాలకూ వేసే పూతలను తెలుగులో 'ఉష్ణనిరోధక పూతలు' అని వ్యవహరిస్తున్నారు. వేడిని తట్టుకోవడం, వేడిని ఆపడం అనే రెండు భిన్న గుణాలను ఈ ఒక్క మాటే సూచిస్తున్నది. ఈ అస్పష్టత వల్ల కొనుగోలుదారు ఒక గుణానికి డబ్బు చెల్లించి మరొక గుణాన్ని ఆశిస్తున్నాడు. పూత మందం, ఉష్ణ వాహకత్వం, ఉద్గారత అనే మూడు అంశాల ఆధారంగా ఈ పూతలు నిజంగా చేసే పని ఏమిటో, అవి ఏ వాహనాలకు ఉపయోగపడతాయో వివరించి, పారిభాషిక పదం విషయంలో ఒక ప్రతిపాదన చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖ్యపదాలు: పూత, ఉష్ణనిరోధకం, ఉష్ణసహం, ఉష్ణబంధకం, ఉద్గారత, పొగగొట్టం, పారిభాషిక పదం

1. ప్రవేశిక:

నేను పనిచేసే కళాశాల మా ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ ప్రయాణానికి కొన్న పాత పెట్రోలు కారుకు ఒక వర్క్‌షాపువారి సలహా మేరకు సైలెన్సర్ మీదా ముందుభాగపు గొట్టం మీదా వెండిరంగు పూత వేయించాను. రసీదు మీద 'ఉష్ణనిరోధక సిరామిక్ పూత' అని తెలుగులోనే ముద్రించి ఉంది. తెలుగు బోధించేవాడిని గనుక ఆ రసీదు చూసి కొంత సంతోషించిన మాట కూడా నిజం. దానివల్ల బానెట్ కింద వేడి తగ్గుతుందని, మైలేజీ పెరుగుతుందని, సైలెన్సర్ ఎక్కువకాలం మన్నుతుందని చెప్పారు. పద్నాలుగు నెలలకు సైలెన్సర్ అడుగున చిల్లు పడింది. మరొక మెకానిక్ దానిని విప్పి స్క్రూడ్రైవర్ పిడితో తట్టగా తుప్పునీళ్లు కారాయి. పైపూత మాత్రం చెక్కుచెదరలేదు.

మోసపోయాననే అప్పుడు అనుకున్నాను. తరువాత మా కళాశాల భౌతికశాస్త్ర శాఖలోని సహోద్యోగితో కూర్చుని లెక్క వేసుకున్నప్పుడు విషయం అంత సరళంగా లేదని అర్థమయింది. ఆ పూత తన పని తాను చేసింది. నేను ఆశించిన పని వేరు. ఈ రెండింటి మధ్య ఎడం ఏర్పడడంలో భౌతికశాస్త్రపు పాత్ర ఎంతో, భాష పాత్ర కూడా అంతే ఉందని గ్రహించడమే ఈ వ్యాసానికి ప్రేరణ.

2. 'నిరోధక' శబ్దం – అర్థచ్ఛాయలు:

'నిరోధం' అంటే అడ్డగించడం. తెలుగు శాస్త్రవాఙ్మయంలో ఈ శబ్దం విరివిగా వాడుకలో ఉంది. 'రోగనిరోధక శక్తి' రోగాన్ని అడ్డుకుంటుంది. 'జలనిరోధక' వస్త్రం నీటిని లోపలికి రానివ్వదు. ఈ రెండింటిలోనూ అడ్డగించడమనే అర్థం స్పష్టం. అయితే 'అగ్నినిరోధక' వస్త్రం అన్నప్పుడు ప్రధానార్థం మారుతుంది. ఆ వస్త్రం తాను అంటుకోదనే మనం గ్రహిస్తాం. దాని వెనుక ఉన్న మనిషికి సెగ తగలదని ఆ మాట హామీ ఇవ్వదు. ఒకే ప్రత్యయస్థానంలో ఉన్న శబ్దం ఒకచోట 'దాటనివ్వనిది' అనీ, మరొకచోట 'తాను చెడనిది' అనీ అర్థమిస్తున్నది.

ఇంగ్లీషులో హీట్ రెసిస్టెంట్ అన్నది ఒకటి, థర్మల్ బారియర్ అన్నది మరొకటి. మొదటిది వేడికి చెడనిది, రెండవది వేడిని దాటనివ్వనిది. తెలుగులో ప్రకటనలు రాసేవారు రెండింటినీ 'ఉష్ణనిరోధక' అనే అంటున్నారు. డబ్బామీద 'వెయ్యి డిగ్రీల వరకు ఉష్ణనిరోధకం' అని ఉంటే, వెయ్యి డిగ్రీల దగ్గర కూడా ఆ పూత ఊడిపోదని తయారీదారు భావం. వెయ్యి డిగ్రీల వేడిని అది ఆపుతుందని కొనేవాడి భావం.

వ్యవసాయరంగపు తెలుగు ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉండడం గమనార్హం. 'తెగులును తట్టుకునే రకం', 'తెగులు నిరోధక రకం' అనేవి అక్కడ రెండు వేరువేరు మాటలు. మొదటిదానికి తెగులు సోకినా దిగుబడి పెద్దగా తగ్గదు. రెండవదానిలో తెగులు సోకడమే అరుదు. రైతుకు ఈ తేడా తెలియకపోతే పంట పోతుంది కనుక భాష దానిని నిలబెట్టుకుంది. యంత్రరంగపు తెలుగులో ఆ అవసరాన్ని మనం ఇంకా గుర్తించలేదు.

'పూత' శబ్దం గురించి కూడా ఒక మాట. తెలుగింటి వంటపాత్రకు పూత కొత్త కాదు. ఇత్తడి గిన్నెకు లోపల కళాయి వేయించేవారు. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది కనుక వేడిని ఆపే సామర్థ్యం దాని నుంచి ఎవరూ ఆశించలేదు. చింతపండు పులుసు ఇత్తడిని తినకుండా చూడడమే దాని పని. కట్టెలపొయ్యి మీద పెట్టే గిన్నెకు బయట తడిబూడిద పూసేవారు. మసి సులువుగా వదలడానికే అది. ఆ పూత వల్ల అన్నం ఆలస్యంగా ఉడుకుతుందని ఏ ఇల్లాలూ అనుకోలేదు. పలుచని పూత వేడిని ఆపదన్న సంగతి వంటింటికి ఎప్పుడో తెలుసు.

3. పొగగొట్టంలో వేడి ప్రయాణం:

పెట్రోలులో ఉన్న శక్తిలో స్థూలంగా మూడోవంతు పొగతో పాటు బయటికి పోతుంది. ఇంజన్ తల నుంచి వెలువడే వాయువుల ఉష్ణోగ్రత, నడిపే తీరునుబట్టి, పెట్రోలు కారులో 400 నుంచి 900 డిగ్రీల వరకు ఉంటుంది. డీజిలు కారులో సాధారణంగా ఇంతకంటె తక్కువ. ఈ వాయువులు మొదట మేనిఫోల్డ్‌లోకి, అక్కడి నుంచి ఉత్ప్రేరక కన్వర్టర్‌లోకి, ఆపై పొడవైన గొట్టం గుండా సైలెన్సర్‌లోకి చేరతాయి. వాడుకలో మనం ఈ మొత్తాన్నీ 'సైలెన్సర్' అనే అంటాం. మోటారుసైకిలు మీద పిక్క కాలినా 'సైలెన్సర్ కాలింది' అనడమే పరిపాటి.

ఈ వాయువు నుంచి బయటిగాలికి వేడి చేరడానికి మూడు మజిలీలు ఉన్నాయి. మొదట వాయువు నుంచి గొట్టం లోపలి గోడకు సంవహనం ద్వారా చేరుతుంది. తరువాత లోహం మందంలో వహనం ద్వారా బయటి గోడకు వస్తుంది. అక్కడి నుంచి కొంత గాలిలోకి సంవహనం ద్వారా, మిగిలినది వికిరణం ద్వారా పోతుంది. వీటిలో లోహం మజిలీ దాదాపు లెక్కలోకి రాదు. లోహం మంచి వాహకం. అడ్డంకి అంతా లోపల వాయువుకూ గోడకూ మధ్య, బయట గోడకూ పరిసరాలకూ మధ్య ఉంది. పూత వేసినప్పుడు మనం మధ్య మజిలీలో ఒక పలుచని పొరను చేరుస్తున్నాం. అది ఎంత అడ్డు అన్నదే ప్రశ్న.

4. ఒక డిగ్రీ లెక్క:

ఇక్కడ కొన్ని విలువలను ఊహించి లెక్క చేద్దాం. ఇవి ప్రయోగ ఫలితాలు కావు. ఏ అంశం ఎంత పెద్దదో తెలుసుకోవడానికి మేము వేసుకున్న అంచనా మాత్రమే. వాయువు ఉష్ణోగ్రత 800 డిగ్రీలు. బానెట్ కింద పరిసరాల ఉష్ణోగ్రత 50 డిగ్రీలు. లోపలి సంవహన గుణకం చదరపు మీటరుకు, డిగ్రీకి 100 వాట్లు. బయటిది 15 వాట్లు. కాలి, ఆక్సీకరణ చెందిన ఉక్కు ఉపరితలపు ఉద్గారత 0.8. ఈ విలువలతో గోడ ఉష్ణోగ్రత సుమారు 537 డిగ్రీల వద్ద నిలకడకు వస్తుంది. ప్రతి చదరపు మీటరు నుంచి దాదాపు 26 వేల వాట్ల వేడి బయటికి పోతుంది.

ఇప్పుడు దీనిమీద 50 మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యోవంతు మందం గల సిరామిక్ పూత వేద్దాం. స్ప్రే తుపాకీతో వేసి బట్టీలో కాల్చే పూతల మందం ఇంచుమించు ఇంతే. దాని ఉష్ణ వాహకత్వం మీటరుకు, డిగ్రీకి 1 వాట్ అనుకుందాం. మంచి సిరామిక్‌కు ఇది న్యాయమైన విలువే. 26 వేల వాట్లు ఆ పొరను దాటినప్పుడు దాని రెండు ముఖాల మధ్య ఏర్పడే ఉష్ణోగ్రతా భేదం 1.3 డిగ్రీలు. అంటే 537 డిగ్రీల గోడమీద పూత పైముఖం 536 డిగ్రీల దగ్గర ఉంటుంది. పొర వల్ల కలిగిన అడ్డంకి మొత్తం అడ్డంకిలో అయిదువందలవ వంతైనా లేదు.

ఈ ఫలితం చూసి నేను మొదట లెక్క తప్పిందనుకున్నాను. సిరామిక్ పూతలు విమాన ఇంజన్లలోనూ రాకెట్లలోనూ వాడతారని చదివి ఉన్నాను. అది నిజమే. 1960ల ఆరంభంలో అమెరికావారి ఎక్స్-15 రాకెట్ విమానపు ఇంజన్ నాజిల్‌కు జిర్కోనియా పూత వాడారు. నేటి జెట్ ఇంజన్ల టర్బైన్ రెక్కలకు ఇట్రియా కలిపిన జిర్కోనియా పూత సర్వసాధారణం. అయితే అక్కడి పరిస్థితి వేరు. టర్బైన్ రెక్క లోపల చల్లబరిచే గాలి నిరంతరం ప్రవహిస్తూ ఉంటుంది. బయట మండే వాయువు, లోపల చల్లగాలి ఉండడంతో చదరపు మీటరుకు పది లక్షల వాట్ల స్థాయిలో వేడి ఆ గోడను దాటుతుంది. అంతటి ప్రవాహం ఉన్నప్పుడు పావు మిల్లీమీటరు పొర కూడా నూరు డిగ్రీలకు పైగా భేదాన్ని నిలబెడుతుంది. పొగగొట్టంలో ప్రవాహం దానిలో నలభయ్యోవంతు, పూత మందం అయిదోవంతు. పదార్థం ఒకటే అయినా సందర్భం మారితే ఫలితం మారుతుంది. 'విమానాల్లో వాడే సాంకేతికత' అనే ప్రకటన వాక్యం ఈ మార్పును దాచిపెడుతుంది.

ప్లాస్మా స్ప్రే ద్వారా వేసే 300 మైక్రాన్ల మందపు జిర్కోనియా పూత సంగతి చూసినా, ఇదే లెక్కలో భేదం 8 డిగ్రీలకు మించదు. పైగా దానికి వేరే చిక్కు ఉంది. 304 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు వేడికి వ్యాకోచించే రేటు జిర్కోనియా రేటుకు ఒకటిన్నర రెట్లకు పైనే. బండి ప్రతిరోజూ వేడెక్కి చల్లారుతున్నప్పుడు లోహం ఒక రీతిగా, పూత మరొక రీతిగా సాగి ముడుచుకుంటాయి. మధ్యలో బంధకలోహపు పొర సరిగా వేయకపోతే పెచ్చులూడుతుంది.

5. వెండిరంగు చేసే పని:

అయితే పూత వల్ల ఏమీ జరగదా అంటే, జరుగుతుంది. అది జరిగేది మందం వల్ల కాదు, ఉపరితల స్వభావం వల్ల. వేడి వస్తువు వికిరణం ద్వారా వెదజల్లే శక్తి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుందన్నది స్టెఫాన్–బోల్ట్జ్‌మన్ నియమం. దానిని ఉపరితలపు ఉద్గారతతో గుణించాలి. తుప్పురంగు తేలిన ఉక్కు ఉద్గారత 0.8 అనుకున్నాం. అల్యూమినియం రేణువులు గల వెండిరంగు పూత కొత్తగా ఉన్నప్పుడు ఉద్గారత 0.3 దగ్గర ఉండవచ్చు. పై లెక్కలో ఈ ఒక్క సంఖ్యనే మార్చితే, బయటికి పోయే వేడి చదరపు మీటరుకు 26 వేల వాట్ల నుంచి సుమారు 18,700 వాట్లకు తగ్గుతుంది. నాలుగోవంతుకు పైగా తగ్గడం చిన్న విషయం కాదు. బానెట్ కింద పొగగొట్టానికి దగ్గరగా ఉండే రబ్బరు గొట్టాలకు, తీగల తొడుగులకు అది మేలే.

కానీ అదే లెక్కలో గోడ ఉష్ణోగ్రత 537 నుంచి 612 డిగ్రీలకు పెరుగుతుంది. బయటికి పోలేని వేడి లోహంలోనే ఉంటుంది. పూత వేస్తే గొట్టం 'చల్లగా' ఉంటుందన్న మాట ఇక్కడ తలకిందులవుతున్నది. గొట్టం మరింత వేడెక్కుతుంది, పరిసరాలు మాత్రం తక్కువ వేడెక్కుతాయి. సాదా ఉక్కు 500 డిగ్రీలు దాటిన కొద్దీ పొరలుపొరలుగా ఆక్సీకరణ చెందుతుంది. పూత గాలిని తగలనివ్వకుండా ఆ ఆక్సీకరణను కొంత అరికట్టవచ్చు. కాని పూతలేని లోపలివైపు ఆ రక్షణ ఉండదు.

నల్లరంగు పూతల విషయం ఇందుకు పూర్తిగా విరుద్ధం. నల్లని మ్యాట్ పూత ఉద్గారత 0.9 వరకు ఉంటుంది. అంటే పూతలేని కాలిన ఉక్కు కంటె కూడా అది కొంచెం ఎక్కువ వేడిని వెదజల్లుతుంది. నల్ల 'ఉష్ణనిరోధక' పూత వేయించుకున్నవారు ఆ వేడిని తగ్గించుకోలేదు, పెంచుకున్నారు. అది వేడిని తట్టుకుంటుంది, తుప్పును ఆపుతుంది, అంతవరకే. వెండిపూత సైతం దుమ్ము, నూనె మరకలు పేరుకుంటే క్రమంగా ఆ గుణాన్ని కోల్పోతుంది. మన రోడ్ల మీద అందుకు ఎంతో కాలం పట్టదు.

6. పరారుణ ఉష్ణమాపకం చూపే భ్రమ:

పూత వేసే చోట్ల సాధారణంగా ఒక ప్రదర్శన ఉంటుంది. నాకు కూడా చేసి చూపించారు. తుపాకీ ఆకారంలో ఉండే పరారుణ ఉష్ణమాపకాన్ని పూతలేని గొట్టం వైపు గురిపెడితే ఒక అంకె వస్తుంది. పూత వేసిన గొట్టం వైపు గురిపెడితే అంతకంటె ఎంతో తక్కువ అంకె వస్తుంది. కళ్లెదుట కనిపించే అంకెను కాదనడం కష్టం.

అయితే ఆ పరికరం ఉష్ణోగ్రతను నేరుగా కొలవదు. ఉపరితలం నుంచి వచ్చే వికిరణాన్ని కొలిచి, ఉద్గారత ఇంత అని ముందే అనుకుని, దాని ఆధారంగా ఉష్ణోగ్రతను లెక్కగట్టి చూపుతుంది. చవక రకాలలో ఆ విలువ 0.95 వద్ద స్థిరంగా ఉంటుంది. 0.3 ఉద్గారత గల వెండిపూత నుంచి వచ్చే వికిరణం తక్కువ కనుక, గొట్టం నిజంగా మరింత వేడిగా ఉన్నా పరికరం చల్లగా ఉన్నట్టు చూపుతుంది. చూపించేవారికి కూడా ఈ విషయం తెలియకపోవచ్చు. నాకు చూపించిన యువకుడు నమ్మే చెప్పాడని నా అభిప్రాయం. సరైన పోలిక కావాలంటే రెండు గొట్టాల మీదా ఒకే నల్లరంగు చుక్క పెట్టి అక్కడ కొలవాలి, లేదా లోహానికి తాకించే థర్మోకపుల్ వాడాలి. పూత అసలు ప్రయోజనం తెలియాలంటే గొట్టాన్ని వదిలి, దాని పక్కనున్న భాగపు ఉష్ణోగ్రతను కొలవడం ఇంకా మంచిది.

7. ప్రయోజనం ఎవరికి:

ఇంధనం ఆదా అవుతుందన్న వాదనకు సాధారణ కారులో ఆధారం లేదు. పొగ ఇంజన్ సిలిండరును దాటి బయటికి వచ్చిన తరువాత అందులోని వేడి చక్రాలకు చేరే మార్గం లేదు. దానిని గొట్టంలో దాచినా, బయటికి వదిలినా ఇంజన్‌కు ఒకటే. దీనికి మినహాయింపు టర్బోచార్జర్ ఉన్న ఇంజన్. అక్కడ పొగ ఒక టర్బైన్‌ను తిప్పుతుంది కనుక, టర్బైన్‌కు ముందున్న గొట్టంలో వేడిని నిలిపితే దానికి కొంత ఎక్కువ శక్తి అందుతుంది. పోటీ కార్లవారు మేనిఫోల్డ్‌కూ టర్బో తొడుగుకూ పూత వేయించుకోవడంలో అర్థం ఉంది. వారికి సెకనులో పదోవంతు కూడా లెక్కే. డ్రైవరు కాళ్ల దగ్గర సెగ తగ్గడం, బ్రేకు ద్రవపు గొట్టాలు వేడెక్కకపోవడం వారికి ప్రాణావసరాలు.

బానెట్ కింద చల్లగా ఉంటే ఇంజన్ పీల్చే గాలి చల్లబడి శక్తి పెరుగుతుందన్న వాదన సూత్రరీత్యా సరైనదే. గాలి ఉష్ణోగ్రత 3 డిగ్రీలు తగ్గితే సాంద్రత దాదాపు 1 శాతం పెరుగుతుంది. కాని ఇప్పటి కార్లలో చాలావాటికి గాలి పీల్చే మూతి ముందు జాలీ వెనుకనే ఉంటుంది. అవి పీల్చేది బయటిగాలినే గాని బానెట్ కింది గాలిని కాదు. బండి కదులుతున్నంతసేపు తేడా అత్యల్పం.

మరొక సంగతి. కొన్ని కొత్త ఇంజన్లలో మేనిఫోల్డ్ అనే విడి భాగమే లేదు. ఫోర్డ్ 1.0 లీటరు ఎకోబూస్ట్ ఇంజన్‌లో దానిని సిలిండర్ హెడ్‌లోనే పోతపోశారు. చుట్టూ నీరు ప్రవహిస్తుంది. అక్కడ పూత వేయడానికి చోటే లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చిన బి.ఎస్.-6 ప్రమాణాల తరువాత ఉత్ప్రేరక కన్వర్టర్లు ఇంజన్‌కు మరింత దగ్గరగా వచ్చాయి. అవి 250–300 డిగ్రీలకు చేరితే గాని సరిగా పనిచేయవు కనుక వాటికి ముందున్న కొద్దిపాటి గొట్టంలో వేడిని కాపాడే ఏర్పాట్లు కర్మాగారంలోనే చేస్తున్నారు. వాటిలో ముఖ్యమైనది ఉష్ణకవచం, అంటే కాస్త ఎడంగా అమర్చిన పలుచని రేకు. ఒకే ఉద్గారత గల ఒక్క రేకును మధ్యలో నిలిపితే వికిరణం సగానికి తగ్గుతుందని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. మెరిసే రేకైతే ఇంకా తగ్గుతుంది. పాత కార్లలో బోల్టులు తుప్పుపట్టి ఈ రేకు గలగలలాడుతుంటే, శబ్దం భరించలేక దానిని ఊడబీకి పారేయించుకునేవారిని చూశాను. అలా పారేసి, ఆ తరువాత పూతకు డబ్బు పెట్టడం విచిత్రం.

గాజునారతో గాని బసాల్టు నారతో గాని నేసిన పట్టీని గొట్టానికి చుట్టడం మరొక పద్ధతి. ఇది నిజమైన ఉష్ణబంధకం. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందం, మధ్యలో చిక్కుకున్న గాలి వల్ల తక్కువ వాహకత్వం ఉంటాయి కనుక పై లెక్కలోని పూత కంటె కొన్ని వందల రెట్ల అడ్డంకి కలిగిస్తుంది. దాని మూల్యం కూడా అంతే ఎక్కువ. లోహం ఉష్ణోగ్రత వాయువు ఉష్ణోగ్రతకు దగ్గరగా పోతుంది. వానాకాలంలో పట్టీ తడిని పీల్చి గొట్టానికి అంటిపెట్టుకుని ఉంటుంది. సాదా ఉక్కు గొట్టమైతే పట్టీ కిందనే తినేస్తుంది, పైకి కనపడదు. నూనె కారి పట్టీ తడిస్తే నిప్పు ప్రమాదం కూడా ఉంది.

8. తుప్పు – లోపలిదా, బయటిదా:

ఇక నా సైలెన్సర్ విషయానికి వస్తే, ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. ఇంధనంలోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల ఏర్పడే నీరు ఇది. గొట్టమంతా వేడిగా ఉంటే అది ఆవిరిగానే బయటికి పోతుంది. ఉదయాన బండి తీసిన మొదటి నిమిషాలలో సైలెన్సర్ ఇంకా చల్లగా ఉండడం వల్ల ఆ ఆవిరి లోపలే నీరుగా మారుతుంది. పొగలోని ఆమ్లగుణం గల వాయువులు ఆ నీటిలో కరుగుతాయి. దూరప్రయాణమైతే కొంతసేపటికి సైలెన్సర్ వేడెక్కి ఆ నీరు ఆరిపోతుంది. నాలుగు కిలోమీటర్ల ప్రయాణంలో అది ఆరే అవకాశమే లేదు. సాయంత్రం మళ్లీ నాలుగు కిలోమీటర్లు, మళ్లీ నీరు. పద్నాలుగు నెలల పాటు నా కారు సైలెన్సర్ లోపలి నుంచి తుప్పుపట్టింది. బయట వేసిన పూతకు దానితో సంబంధం లేదు.

బయటి తుప్పే ప్రధాన సమస్య అయినచోట పరిస్థితి వేరు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి తగిలే బండికి, పూతలేని సాదా ఉక్కు గొట్టానికి, ఇసుక ధాటితో తుప్పంతా తొలగించి బట్టీలో సరిగా కాల్చిన పూత మేలుచేస్తుంది. అక్కడ పూత వెల సమంజసమే అని నా అభిప్రాయం. పాత మోడలు కారుకు విడిభాగం దొరకనప్పుడు, ఉన్న పోత ఇనుప మేనిఫోల్డ్‌ను కాపాడుకోవడానికి కూడా అది పనికివస్తుంది. తుప్పు మీదనే బ్రష్షుతో రాసే పూత మాత్రం డబ్బు దండుగ. కర్మాగారం నుంచి వచ్చే గొట్టాలు చాలావరకు అల్యూమినియం పూసిన ఉక్కుతో గాని, 11 శాతం వరకు క్రోమియం గల 409 రకం స్టెయిన్‌లెస్‌తో గాని చేసినవే. వాటికి తుప్పు రక్షణ ముందే ఉంది. వాటిమీద మరొక పూత వేయించే ముందు ఏ లోహమో అడిగి తెలుసుకోవడం అవసరం. వారంటీలో ఉన్న కారు అయితే కంపెనీ షరతులు కూడా చూసుకోవాలి.

9. పారిభాషిక పద ప్రతిపాదన:

పాఠ్యపుస్తకాల తెలుగులో వేడిని ప్రసరింపజేసే పదార్థానికి 'ఉష్ణవాహకం', ప్రసరింపజేయనిదానికి 'ఉష్ణబంధకం' అనే మాటలు ఇప్పటికే స్థిరపడ్డాయి. కనుక వేడిని ఆపే పూతను 'ఉష్ణబంధక పూత' అనడానికి కొత్త పదసృష్టి అవసరం లేదు. వేడికి చెడకుండా నిలిచేదానిని 'ఉష్ణసహ పూత' అనవచ్చు. 'సర్వంసహ', 'దుస్సహ' శబ్దాల వల్ల 'సహ' అంటే ఓర్చుకునేదన్న అర్థం తెలుగు పాఠకుడికి పరిచితమే. సంస్కృత సమాసం ఎందుకనుకునేవారు రైతు మాటను అనుసరించి 'వేడిని తట్టుకునే పూత' అంటే మరీ మంచిది. వెండిరంగు పూతలకు ఈ రెండూ చాలవు. అవి వేడిని తట్టుకుంటాయి, పైగా తక్కువగా వెదజల్లుతాయి. వాటిని 'అల్పోద్గార పూతలు' అనడం శాస్త్రసమ్మతం. ఈ మూడు పేర్లలో ఏది రసీదు మీద ఉన్నా కొనేవాడు అడగవలసిన ప్రశ్న మారుతుంది. ఉష్ణసహమైతే 'ఎంత ఉష్ణోగ్రత వరకు?' అని, ఉష్ణబంధకమైతే 'మందమెంత, వాహకత్వమెంత?' అని, అల్పోద్గారమైతే 'ఉద్గారత ఎంత, మురికిపట్టాక ఎంత?' అని అడుగుతాడు. 'ఉష్ణనిరోధక' అనే మాట వీటిలో ఏ ప్రశ్ననూ పుట్టించదు. నన్ను పుట్టించనివ్వలేదు.

చిల్లుపడిన సైలెన్సర్ స్థానంలో అల్యూమినియం పూసిన ఉక్కుతో చేసినదానిని వేయించాను. ఊడిపోయిన ఉష్ణకవచానికి రెండు కొత్త బోల్టులు బిగించారు. వారానికి ఒకసారి కారును ఊరి బయటి రహదారి మీద అరగంటసేపు నడిపి తీసుకువస్తున్నాను.